వదినా మరదళ్ల కుంచెలు
గోదావరి చిత్రకథ – తొమ్మిదో భాగం

పాపికొండల ఇరుకులోంచి బయటపడ్డాక గోదావరి పోలవరం దగ్గర ఒళ్లు విరుచుకుంటుంది. అంతదాకా రెండు వైపులా మీదికొచ్చిన కొండలు వెనక్కి తగ్గుతాయి. ఇసుక మేటలు మొదలవుతాయి. ఇంకాస్త దిగువకు వస్తే ఏటి నడుమ రాతిగుట్ట మీద పట్టిసీమ వీరభద్రుడి గుడి కనబడుతుంది. రాజమండ్రిలో లాంచీ ఎక్కి ఎగువకు పోయేవాళ్లకు ఈ దారి తరతరాల పరిచయం. ఈ కొండల్నీ ఈ నీటినీ దామెర్ల రామారావు 'తూర్పు కనుమల్లో గోదావరి' అన్న బొమ్మలోకి తెచ్చుకున్నారు. గోదావరి మీద పద్యాలకు కొదవ లేదు గానీ, రంగుల్లో ఆ నదికి మనవాళ్లు చేసిన గౌరవం తక్కువ. అందుకే ఆ బొమ్మంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

కిందటి భాగాన్ని 1925 ఫిబ్రవరి 6 దగ్గర ఆపాం. మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే రామారావు కన్నుమూసిన రోజది. ఆయన కథ చెప్పేవాళ్లు మామూలుగా అక్కడ ఒక నిట్టూర్పు విడిచి పుస్తకం మూసేస్తారు. ఆ ఇంట్లో ఇంకా కథ ఉంది. ఆ ఇంట్లో ఇంకా కుంచెలు ఉన్నాయి.

రామారావు బొమ్మల్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 'పుష్పాలంకరణ'లో సింగారించుకునే స్త్రీలు. 'సిద్ధార్థ రాగోదయం'లో రాకుమారుడి ముందుకు వచ్చిన కన్నెలు. 'ఋష్యశృంగ బంధనం'లో మునికుమారుణ్ని అడవిలోంచి వశం చేసుకుని తెచ్చే వనితలు. గొల్లభామలు, నీళ్ల దగ్గర ఆడవాళ్లు. ఏ గోడ చూసినా ఆడవాళ్లే. వాళ్ల నడుము వంపు గురించీ, చీరకట్టు గురించీ, చేతివేళ్ల నాజూకు గురించీ మన విమర్శకులు ముచ్చటగా రాశారు. ఆ బొమ్మలున్న రాజమండ్రి స్మారక చిత్రశాలలోనే కుంచె పట్టిన ఆడవాళ్ల బొమ్మలు కూడా ఉన్నాయన్న మాట మాత్రం ఒక వాక్యంలో తేల్చేశారు. ఒకరు రామారావు తోబుట్టువు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ. ఇంకొకరు ఆయన భార్య దామెర్ల సత్యవాణి. వరసకు వదినా మరదళ్లు. ఒకే ఇంటి నీడలో ఇద్దరూ బొమ్మలు వేశారు. ఒకావిడ పేరు చెప్పేటప్పుడు 'రామారావుగారి సోదరి' అనీ, రెండో ఆవిడ పేరు చెప్పేటప్పుడు 'రామారావుగారి సతీమణి' అనీ అంటారు. ఆపైన చెప్పరు.

ఎందుకు చెప్పరో తెలియాలంటే, రామారావు పేరు మన దాకా ఎలా వచ్చిందో మళ్లీ ఒకసారి చూడాలి.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర ప్రిన్సిపాలుగా వచ్చాడు. తనే నీటిరంగుల చిత్రకారుడు. పిల్లల్లో బొమ్మ వేసేవాడెవడైనా కనబడితే చేరదీసేవాడు. రామారావునూ, అడివి బాపిరాజునూ, వరద వెంకటరత్నాన్నీ చేరదీసింది అలాగే. ఆయన పట్టుదల మీదనే రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలకు వెళ్లారు. అక్కణ్నుంచి కలకత్తా, శాంతినికేతన్, కాఠియావాడ. తిరిగొచ్చాక 1922లో రాజమండ్రిలో చిత్రకళాశాల. ప్రదర్శనలు, బహుమతులు, పత్రికల్లో బొమ్మలు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 'భారతి' మొదలుపెట్టాక తెలుగు ఇళ్లకు రంగుల బొమ్మలు నెలనెలా వచ్చాయి. గురువు, బడి, స్నేహితుల గుంపు, ప్రయాణం, ప్రదర్శన, పత్రిక, పోయాక ఒక స్మారక చిత్రశాల. చరిత్రలోకి ఎక్కడానికి ఉన్న మెట్లివి. రామారావు ప్రతిభలో రవ్వంత తగ్గించి చూపడం నా ఉద్దేశం కాదు. ఇన్ని మెట్లు ఉన్నా ఎక్కలేనివాళ్లు ఎందరో. అయితే వదినా మరదళ్లకు ఆ మెట్లలో మొదటిదే లేదు. కూల్డ్రే దొర పాఠం చెప్పిన కాలేజీ ఆ రోజుల్లో మగపిల్లల లోకం. ఆయన కంట పడాలంటే ముందు ఆ తరగతిలో కూర్చోవాలి.

ఇది ఆడపిల్లల చదువు తెలియని ఊరేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేయించిందీ ఈ రాజమండ్రిలోనే. 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించింది. మన దేశపు స్త్రీల చరిత్రను వెతికి, పోగుచేసి, తెలుగులో రాసిన మొదటి స్త్రీ ఆమె. ఆ మరుసటి ఏడే ఆడవాళ్ల కోసం 'హిందూసుందరి' పత్రిక వచ్చింది. అంటే చదువు, రాత అనే దారిలో ఆడవాళ్ల పేర్లకు అచ్చులో చోటు దొరకడం అప్పటికే మొదలైంది. పద్యం రాస్తే కింద పేరు వేశారు. వ్యాసం రాస్తే ఊరి పేరుతో సహా వేశారు. అందుకే ఈనాడు పరిశోధకులు పాత సంచికలు తిరగేసి ఆ రచయిత్రులను ఒక్కొక్కరినే బయటికి తెస్తున్నారు. చిత్రకారిణులకు అలాంటి పత్రిక లేకపోయింది. కాగితం మీద రంగులు వేసిన ఆడపిల్ల బొమ్మ ఇంటి గోడ మీదనే ఉండిపోయేది. గోడకు చెమ్మ పట్టినప్పుడు బొమ్మ పోయేది. దానితోపాటు పేరూ పోయేది.

పోలవరం పేరే ఇందుకు మరో సాక్ష్యం. అక్కడి జమీందారు కొచ్చెర్లకోట రామచంద్ర వెంకటకృష్ణారావు 'సరస్వతి' అనే సాహిత్య పత్రిక నడిపాడు, తిరుపతి వేంకట కవులను ఆదరించాడు. ఆ ఆదరణ పొందిన కవుల పేర్లు ఊళ్లతో, తేదీలతో సహా మనకు తెలుసు. జమీందారీల లోగిళ్లలో పెళ్లి అరుగు దిద్దిన చేతులు, తెరలూ దిండ్లూ కుట్టిన చేతులు ఎవరివో ఏ దస్తావేజులోనూ ఎక్కలేదు. కవికి ఆస్థానం ఉంది. ఆ చేతులకు ఇంటిపని ఉంది.

ఇది ఒక్క మన దగ్గరి సంగతే అయితే మనల్నే తిట్టుకుని ఊరుకోవచ్చు. లండన్‌లో 1768లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు: ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. కొన్నేళ్లకు యోహాన్ జొఫానీ అనే చిత్రకారుడు అకాడమీ సభ్యులను ఒకచోట చేర్చి పెద్ద బొమ్మ వేశాడు. గదిలో మగ మోడల్ బట్టల్లేకుండా కూర్చుని ఉంటాడు, చుట్టూ సభ్యులు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. ఆడవాళ్లు ఆ గదిలో ఉండటం మర్యాద కాదు గనుక జొఫానీ ఆ ఇద్దరినీ గోడకు తగిలించిన రెండు పటాలుగా చూపించాడు. సంస్థను కట్టినవాళ్లే ఆ సంస్థ బొమ్మలో గోడ అలంకారాలైపోయారు. ఆ తర్వాత అకాడమీలో పూర్తి సభ్యత్వానికి మరో స్త్రీ ఎన్నిక కావడానికి 1936 దాకా పట్టింది. ఆమె లారా నైట్.

హాలండ్‌లో జూడిత్ లైస్టర్ కథ ఇంకా చిత్రం. 1609లో పుట్టి, తన కాలంలో పేరు తెచ్చుకున్న చిత్రకారిణి. పోయాక ఆమె బొమ్మల్ని ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడి బొమ్మలనే అనుకున్నారు. 1893లో ఒక పండితుడు అలాంటి బొమ్మ ఒకదాన్ని దగ్గరగా పెట్టి చూస్తే మూలన రెండక్షరాలు కలిపి రాసి, పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనిపించింది. అది ఆమె సంతకం. ఆ ఒక్క గుర్తు పట్టుకుని మిగతా బొమ్మలు వెతికారు. రెండు వందల ఏళ్లకు పైగా మరుగున పడ్డ మనిషి బయటికొచ్చింది. బొమ్మ మూల మీద వేలి గోరంత చోటులో రాసుకున్న పేరు ఎంత పని చేస్తుందో చూడండి.

అమెరికాలో లిండా నాక్లిన్ అనే కళాచరిత్రకారిణి 1971లో ఒక పెద్ద వ్యాసం రాసింది. గొప్ప చిత్రకారిణులు ఎందుకు లేరు అని అందరూ అడిగే ప్రశ్ననే పట్టుకుని, ఆడవాళ్లలో ప్రతిభ ఉందా లేదా అన్న వాదంలోకి దిగకుండా, బడి తలుపు ఎవరికి తెరిచారో చూడండి అంది. మనిషి ఒంటిని చూసి గీసే పాఠం లేకుండా ఆ రోజుల్లో ఎవరూ పెద్ద చిత్రకారుడు కాలేరు. ఆ పాఠం స్త్రీలకు పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా చాలాచోట్ల నిషిద్ధం. రామారావు బొంబాయిలో నేర్చుకున్న చదువులో పునాది కూడా ఆ పాఠమే.

మన దేశంలోనే అన్నదమ్ముల నీడన బొమ్మలు వేసిన మరో ఇద్దరు స్త్రీలను ఇక్కడ చెప్పుకోవాలి. ఒకరు రాజా రవివర్మ సోదరి మంగళాబాయి తంపురాట్టి. కిళిమానూరు ఇంట్లో ఆ తోబుట్టువులు రంగుల మధ్యే పెరిగారు. రవివర్మ తమ్ముడు రాజరాజవర్మ అన్నతో దేశమంతా తిరిగి, అన్న బొమ్మల్లో చెయ్యి కలిపాడు. మంగళాబాయి ఇంటి పట్టునే ఉండి తైలవర్ణ చిత్రాలు వేసింది. రెండో ఆమె కలకత్తా ఠాగూర్ల ఇంటి సునయనీదేవి. 1875లో పుట్టింది. గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ ఇద్దరూ ఆమె అన్నలే. బడికెళ్లి బొమ్మలు నేర్వలేదు. ముప్పై దాటాక, సంసారం చూసుకుంటూ, తనకు తోచినట్టు వెయ్యడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద కళ్లు, పటచిత్రాల పోలికలు, తడిపి కడిగిన మెత్తటి రంగులు. 1922 డిసెంబరులో జర్మనీ నుంచి బౌహౌస్ అనే కళాపాఠశాల చిత్రకారుల బొమ్మలు కలకత్తా ప్రదర్శనకు వచ్చినప్పుడు అక్కడ సునయనీదేవి బొమ్మలు కూడా పెట్టారు. కాండిన్‌స్కీ, క్లే చిత్రాలతో కలిసి. కళాచరిత్ర పండితురాలు స్టెల్లా క్రామ్రిష్ ఆమె మీద జర్మన్ పత్రికలో రాసింది. అంతే, ఆమె పేరు నిలిచింది.

సరిగ్గా అదే 1922లో రాజమండ్రిలో చిత్రకళాశాల మొదలైంది. బుచ్చికృష్ణమ్మ, సత్యవాణి అక్కడే ఉన్నారు. కలకత్తాలో సునయనికి ఒక క్రామ్రిష్ దొరికింది. మన వదినా మరదళ్లకు దొరకలేదు. ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న తేడా కుంచెల్లో ఉందని నేను అనుకోను. చూసి రాసే మనిషి ఉండటంలో ఉంది. తండ్రో అన్నో తలుపు తీస్తే ఏమవుతుందో బొంబాయి చూపించింది. రామారావు చదివిన జె.జె. పాఠశాలలోనే పాఠాలు చెప్పిన ఎం.వి. ధురంధర్ తన కూతురు అంబికను అదే బడిలో చేర్చాడు. ఆమె 1931లో డిప్లొమా పుచ్చుకుంది. పట్టా పుస్తకంలో ఎక్కిన పేరును ఎవరు చెరిపేస్తారు?

ఇక సత్యవాణి సంగతి. రామారావు పోయేనాటికి ఆమెది చిన్న వయసు. ఆ రోజుల్లో చిన్న వయసులో భర్త పోయిన ఆడదాని బతుకు ఎలా ఉండేదో, వీరేశలింగం ఊరిలో కూడా, నేను విప్పి చెప్పనక్కర్లేదు. ఇంటి నిండా బొమ్మలు. నీటిరంగులవి, తైలవర్ణాలవి, గీతల పుస్తకాలు. గోదావరి ఊళ్లలో కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మను కాపాడటం ఎంత కష్టమో ఇక్కడ ఇల్లున్న ప్రతివాళ్లకూ తెలుసు. వానాకాలంలో గోడలు చెమరుస్తాయి. కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. పెట్టెలో పెడితే చెదలు, బయట పెడితే వెండిచేప పురుగులు. అద్దం బిగించిన పటంలో కూడా, వెనక అట్ట మంచిది కాకపోతే, బొమ్మ పసుపు తిరిగిపోతుంది. ఎవరైనా బంధువు అడిగితే ఒకటి, కొనుక్కుంటామని వచ్చినవాడికి ఒకటి ఇచ్చుకుంటూ పోతే పదేళ్లలో ఇల్లు ఖాళీ అయ్యేది. ఆ బొమ్మలు చెదిరిపోకుండా ఊరికి దక్కాయంటే, దాని వెనక సత్యవాణి ఉంది, చిత్రకళాశాలను తన బతుకంతా పట్టుకుని నడిపిన వరద వెంకటరత్నం ఉన్నారు. ఈరోజు గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో మనం చూసే ప్రతి బొమ్మా ఆ కాపలా దాటి వచ్చిందే.

కాపాడటాన్ని మన కళాచరిత్ర ఎందుకో పనిగా లెక్కవెయ్యదు. విన్సెంట్ వాన్ గోహ్ పేరు ప్రపంచానికి తెలిసింది ఎవరివల్ల? ఆయన తమ్ముడు తియో భార్య యోహానా వల్ల. తియో 1891 జనవరిలో పోయేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. చేతిలో పసిబిడ్డ, ఇంటి నిండా ఎవరూ కొనని బొమ్మలు. వదిలించుకోమని సలహా చెప్పినవాళ్లు ఉన్నారు. ఆమె వదిలించుకోలేదు. ప్రదర్శనలు పెట్టించింది, అన్నదమ్ముల ఉత్తరాలు కూర్చి 1914లో అచ్చు వేయించింది. ఆమె చనిపోయింది 1925లో. అదే ఏడు రాజమండ్రిలో ఇంకో యువతి భర్త బొమ్మల ముందు ఒంటరిగా నిలబడింది. యోహానా గురించి ఇప్పుడు లావుపాటి జీవితచరిత్రలు వచ్చాయి. సత్యవాణి గురించి తెలుగులో ఒక మంచి పుస్తకం రావాలి. ఆమెను భర్త బొమ్మలు దాచిన భార్యగా మాత్రమే కాక, తానూ రంగులు కలిపిన మనిషిగా చూసే పుస్తకం.

చిత్రశాల గోడ మీద కనీసం వీళ్ల పేర్లైనా ఉన్నాయి. అసలు పేరే అడగని కళ గోదావరి పొడవునా ఉంది. పోలవరం నుంచి ఎగువకు, భద్రాచలం దాటి పోతే దుమ్ముగూడెం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ క్రైస్తవ మిషన్ పెట్టారు. కెయిన్ దొరసాని అక్కడి ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పింది. దిగువకు, డెల్టా చివర నరసాపురం. అక్కడా మిషనరీ దొరసానులు నేర్పిన అల్లికే, ఇక్కడి చేతుల్లో పడి ఇక్కడి పనైపోయింది. మధ్యలో పోలవరం, రాజమండ్రి, విజ్జేశ్వరం. ఒకే నీటి దారి.

లేసు ఎలా అల్లుతారో దగ్గరగా చూస్తే తెలుస్తుంది అది ఎంత బుర్రపెట్టే పనో. అల్లే ఆవిడ ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుంటుంది. కుడిచేతిలో కొక్కెం సూది. మొదట గొలుసు. గొలుసును ముడివేసి గుండ్రం చేస్తే పువ్వుకు నడిమిబొడ్డు. దాని చుట్టూ రేకులు. ఒక్కో రేకుకు ఎన్ని ముడులో చేతికి తెలుసు, నోటితో లెక్క పెట్టదు. లెక్క తప్పితే రేకు ముడుచుకుపోతుంది, పువ్వు నేల మీద పరిస్తే పడవలా లేస్తుంది. అలా కొన్ని పదుల పువ్వులు ఒకామె అల్లుతుంది, వాటిని అతుకుపని చేసే ఇంకో ఆమె కలిపి బల్లగుడ్డ చేస్తుంది. ఏజెంటు దారం ఇచ్చి పోతాడు, పూర్తయ్యాక వచ్చి తీసుకుంటాడు. కూలి దారం లెక్కన. గుడ్డ ఓడెక్కి యూరప్ బల్లల మీద పరుచుకుంటుంది. ఏ మూలా పేరు ఉండదు. పువ్వు అల్లినావిడకు తన పువ్వు ఏ గుడ్డలో కలిసిందో కూడా తెలియదు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్లతో మాట్లాడింది. 1982లో పుస్తకం రాసింది. లక్ష మందికి పైగా స్త్రీలు ఇళ్లల్లో కూర్చుని లోక మార్కెట్ కోసం అల్లుతున్నారనీ, అయినా వాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కించడం లేదనీ, తీరిక వేళల్లో చేతిపని చేసుకునే గృహిణులని చెప్పి అతి తక్కువ కూలితో సరిపెడుతున్నారనీ ఆమె చూపించింది. ఆమె మాట్లాడింది కూలి గురించి. ఆ మాటే కళకూ వర్తిస్తుందని నా నమ్మకం. ఇంట్లో కూర్చుని చేస్తే పని కాదన్నట్టే, ఇంట్లో కూర్చుని చేస్తే కళ కాదన్నారు. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషం. ఊరికి పేరొచ్చింది. అల్లినవాళ్లకు పేరు ఇంకా రావాలి.

రావడం అసాధ్యమేమీ కాదనడానికి శాంతినికేతన్ ఉదాహరణ. అక్కడి కళాభవనంలో నందలాల్ బోస్ ముగ్గుకు బెంగాలీ చుట్టమైన ఆల్పనను పాఠంగా పెట్టాడు. దాన్ని నేర్పడానికి సుకుమారీదేవి అనే వితంతువును గురువుగా కూర్చోబెట్టాడు. పల్లెలో అరుగు మీద వేసే పిండిగీతలు కళాశాలలో పాఠమయ్యాయి. నేర్పిన ఆవిడ పేరు ఈరోజు మనం పలకగలుగుతున్నాం. నందలాల్ కూతుళ్లు గౌరీ భంజ, జమునా సేన్ ఆ ఆల్పనను ముందుకు తీసుకెళ్లారు. భారత రాజ్యాంగం చేతిరాత ప్రతికి నందలాల్ బృందం బొమ్మలు దిద్దినప్పుడు వాళ్ల చెయ్యీ ఉంది. ముగ్గు వేసే చెయ్యి రాజ్యాంగం దాకా వెళ్లింది. మన సంక్రాంతి ముగ్గుల్లో ఏం తక్కువ? చుక్కల మధ్య గీత తెగకుండా తిప్పే మెలిక ముగ్గు వేసే మా గోదావరి అత్తలూ పిన్నులూ ఏ ఆల్పన గురువుకూ తీసిపోరు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టిన కళాశాల లేదు, అంతే తేడా.

ఇప్పుడు మళ్లీ పోలవరానికి వద్దాం, ఎందుకంటే అక్కడ తొందర ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయిన పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ నీటి కిందికి పోయే కోయ, కొండరెడ్ల ఊళ్లలో చాలామంది ఇప్పటికే ఇళ్లు వదిలి కాలనీలకు చేరారు, ఇంకొందరు చేరాల్సి ఉంది. ప్రాజెక్టు మంచిచెడుల చర్చ ఈ శీర్షిక పని కాదు. నా బాధ వేరే. ఆ గూడేల్లో మట్టిగోడకు ఎర్రమట్టి అలికి, అరుగు అంచుకు తెల్లటి గీత దిద్దేది ఆడవాళ్లు. వెదురు చీల్చి తట్టా చాటా అల్లే చేతుల్లో వాళ్ల చేతులూ ఉన్నాయి. నష్టపరిహారం జాబితాలో ఇల్లు ఎన్ని చదరపు అడుగులో రాస్తారు, చెట్లు ఎన్నో రాస్తారు. గోడ మీది గీతకు ఆ కాగితంలో గడి లేదు. కాలనీలో ఇచ్చేది సిమెంటు గోడ. పాత గోడ నీళ్లలో కరిగిపోతే దానిమీది పని మళ్లీ చూడటానికి ఉండదు.

రామారావు కొండల మధ్య గోదావరిని గీశాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కొండల్లో తమ గోడల మీద తామే గీసుకున్న ఆడవాళ్లను కూడా అదే చరిత్రలో చేర్చాలి. అచ్చమాంబ ఆ రోజుల్లో ఎడ్లబండి దూరాల్లో పుస్తకాలు వెతికి, చదివి, తెలియని భాషలు నేర్చుకుని స్త్రీల కథలు పోగుచేసింది. ఇవాళ ప్రతి చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంది.

కాబట్టి చదువరులకు నా మనవి. రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల చిత్రశాలకు తప్పక వెళ్లండి. రామారావు బొమ్మలు తృప్తిగా చూశాక, బుచ్చికృష్ణమ్మగారివీ సత్యవాణిగారివీ ఎక్కడున్నాయని అడగండి. అడిగేవాళ్లు ఎక్కువైతే వాటికి వెలుతురూ, వివరం రాసిన పలకా వస్తాయి. మీ ఇంట్లో అమ్మమ్మ కుట్టిన దిండు గలీబు, నాయనమ్మ అల్లిన లేసు, మేనత్త వేసిన నీటిరంగుల బొమ్మ ఉంటే బయటికి తీసి, బొమ్మ వెనకో, గుడ్డతోపాటు పెట్టే చీటీ మీదో పెన్సిలుతో నెమ్మదిగా ఆమె పూర్తి పేరు, పుట్టింటి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం రాయండి. పెన్నుతో వద్దు, సిరా ఇంకుతుంది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు పాత ఇంటి గోడల ఫొటోలు ఏవైనా దాచుకుని ఉంటే, ఆ గోడ దిద్దిన ఆవిడ పేరుతో సహా, ఆమెకు ఇష్టమైతేనే, మాకు పంపండి. వచ్చే భాగాల్లో ఈ శీర్షిక కిందనే వాటిని పేర్లతో అచ్చు వేస్తాం.